పద్దెనిమిది మల్లెపొదలు

ఆదివారం, పొద్దున

మా పెద్దదాని తల్లికి,

నీ మనిషి రాస్తున్న ఉత్తరం. అందరం క్షేమం అని రాయడానికి ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి, నేను క్షేమం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ, నెల తిరగని మనవరాలూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. పాపకు నా ముక్కు వచ్చిందని రాశావు. ఆడపిల్ల, పాపం. పెద్దయ్యేలోగా సర్దుకుంటుందిలే.

ఫోనుండగా ఈ కాగితాలేమిటని అల్లుడు నవ్వుతాడని తెలుసు. ఫోన్ చేస్తే అతను స్పీకర్లో పెడతాడు. అందరూ వింటుంటే నేను "బాగున్నా, బాగున్నా" అని నాలుగుసార్లు చెప్పి పెట్టేస్తాను. నీతో మాట్లాడినట్టే ఉండదు. ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువు. అక్షరాలు ఇంత పెద్దవేమిటి, వరసలు కిందికి జారుతున్నాయేమిటి అని కంగారుపడకు. అది కూడా చెబుతాను.

నువ్వు నాలుగు సంగతులు అడిగావు. వరసగా చెప్పుకొస్తాను.

తిండి. వండుకుంటున్నాను. ఒక పూట ఉప్పు వేయడం మరిచిపోతాను, ఇంకో పూట రెండుసార్లు వేస్తాను. రెండు పూటలూ కలిపితే లెక్క సరిపోతోంది. చిక్కిపోయానని ఎవరైనా నీకు చెబితే నమ్మకు. బెల్టుకు కొత్త చిల్లు పొడిచిన మాట నిజమే గాని, అది పాత బెల్టు, సాగింది.

రెండోది నీ కుండీలు. ఇరవై ఆరూ బతికే ఉన్నాయి. పడమటి గోడ దగ్గరున్నవన్నీ తూర్పు వైపుకు మారిపోయాయి. మధ్యాహ్నం ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం, పెనంలా కాలుతుంది. గులాబీలకు కత్తెర పెట్టలేదు, నువ్వు చెప్పి వెళ్లినట్టే ఎండలు తగ్గేదాకా పెట్టను. వంగ మొక్కలు రెండింటికి మొదళ్లలో ఎండుటాకు పరిచి ఉంది, అడుగున వేలు పెడితే మట్టి తడిగానే తగులుతోంది. ఇదంతా నా ఘనత కాదు. నువ్వు వెళ్లేటప్పుడు చీమ చేతిలో చెయ్యి వేసి అప్పగించావు కదా, ఆ మనిషి ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. చీమ అని నువ్వు ఊరికే పేరు పెట్టలేదు. డాక్టరమ్మ గారి తోటలో పదకొండేళ్లు నా పక్కన పనిచేసింది, ఒక్కసారి కూడా నడుం వాల్చగా చూడలేదు.

అమ్మాయి బాల్కనీలో పుదీనా మాడిపోతోందని రాశావు. అది పడమటి బాల్కనీ. నీళ్లు ఎక్కువ పోస్తే బాగుపడదు, కుళ్లుతుంది. పెద్ద కుండీ ముందు పెట్టి, దాని నీడలో చిన్నది పెట్టమను. నీళ్లు తెల్లవారకముందే. మధ్యాహ్నం తల వాల్చేసిందని జాలిపడి చెంబెడు పోస్తే ఆ వేడికి వేళ్లు ఉడికిపోతాయి. సాయంత్రానికి దానంతటదే లేస్తుంది, లేవకపోతేనే పొయ్యమను.

మూడోది, డాక్టరమ్మ గారి తోట. ఈ ఏడు ఎండలు నెల ముందే దిగాయి. కుళాయి మూడు రోజులకోసారి వస్తోంది. నిమ్మచెట్లకు పాదులు వెడల్పు చేసి, మొదళ్లకు రెండు అడుగుల ఎత్తు సున్నం పూశాం, బెరడు పగలకుండా. పచ్చికను పొట్టిగా కోయడం మానేశాం. నాలుగు వేళ్ల ఎత్తు ఉంటే దాని నీడ దానికే ఉంటుంది. కొత్త మొక్కల పక్కన మూతి పైకి ఉండేలా మట్టికుండలు పాతాం. కుండ నింపి మూత పెడితే రెండు రోజులు దానంతటదే చెమరుస్తూ వేళ్లకు అందిస్తుంది. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. నువ్వు మల్లెలు అడిగావు. ఈ ఏడు విరగబూసి ఉంటాయి, పోయినేడు చీమా నేనూ కోయలేక చచ్చాం అని రాశావు.

మల్లెలు.

ఇక్కడ కలం పెట్టి లేచాను. వంటింట్లోకి వెళ్లి ఎందుకు వెళ్లానో తెలియక తిరిగి వచ్చాను. గేటు దాకా వెళ్లి గొళ్లెం పడి ఉందో లేదో చూశాను. పడే ఉంది. మళ్లీ వెళ్లి చూశాను. పన్నెండు రోజులుగా నా పద్ధతి ఇదే, కాలు కాలిన పిల్లి నయం. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే ఎక్కడికైనా పోవాలనిపిస్తుంది. పోతే ఎవరైనా ఎదురుపడతారేమోనని సందు మొదట్లోనే వెనక్కి తిరుగుతాను.

మల్లెలు పోయాయి. పద్దెనిమిది పొదలూ పోయాయి. చంపింది నేను.

తోటలో రాళ్ల దారి వెంట మొలిచే గడ్డి మీద కొట్టడానికి డాక్టరమ్మ ఒక కలుపు మందు తెప్పించింది. మొక్కల ఆకుల మీద కొట్టడానికి ఒక బలం మందు తెప్పించింది. రెండూ తెల్ల డబ్బాలే, ఒకే సైజు. షెడ్డులో పక్కపక్కన ఉంటాయి. మందులు కలపడం చీమ పని. అయినా మనిషన్నాక పొరపాటు జరుగుతుందని, కలుపు మందు డబ్బా పిడికి ఆమె ఒక ఎర్ర గుడ్డ కట్టింది. చదవక్కర్లేదు, చూస్తే చాలు.

మూడు వారాల కిందట ఒక శనివారం, అత్తగారికి జ్వరమని చీమ పనికి ఆలస్యమైంది. ఎండెక్కితే ఆకు మీద మందు కొట్టకూడదు, మాడుతుంది. ఆమె కోసం ఆగకుండా, చూరులో మేమిద్దరం దాచుకునే మారు తాళం చెవితో నేనే షెడ్డు తెరిచాను. రెండు డబ్బాలూ తీసి వెలుతురులో పెట్టుకున్నాను. పేర్లు కనిపించలేదు. పాలల్లో పడ్డ అక్షరాల్లా ఉన్నాయి. ఎర్ర గుడ్డ కోసం చూశాను, ఏ డబ్బాకీ లేదు. ఎలా ఉంటుంది? రెండు రోజుల ముందు కుళాయి దగ్గర గొట్టం కారుతుంటే ఆ గుడ్డ విప్పి గొట్టానికి చుట్టింది నేనే. అది కూడా అప్పుడు తట్టలేదు. ఎడమ వైపుది ఎప్పుడూ బలం మందే కదా అనుకుని కలిపేశాను.

ముప్పై ఏళ్లలో నేర్చుకున్న పనితనమంతా పెట్టి కొట్టాను. ఆకు పైన, ఆకు కింద, ఒక్క కొమ్మ వదలలేదు. మొగ్గలు నిండుగా ఉన్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నాలుగో రోజు చివుళ్లు పసుపు తిరిగాయి. నీళ్లు తక్కువయ్యాయని ఇంకా పోశాం. వారానికి మొగ్గలు రాలడం మొదలైంది. పది రోజులకు పొదలు చీపురుకట్టల్లా నిలబడ్డాయి. డాక్టరమ్మ రోజూ పొద్దున గుప్పెడు మల్లెలు కోసుకెళ్లి ఆసుపత్రిలో పిల్లల మంచాల పక్కన పెడుతుంది, నీకు తెలుసు. పన్నెండేళ్లుగా పెంచిన పొదలు. ఆ రోజు ఖాళీ చేత్తో నిలబడి చూసింది. తర్వాత మమ్మల్ని ఇద్దరినీ పిలిచింది.

"ఇది ఎండ వల్ల కాదు. ఎవరు కలిపారు మందు?" అంది.

"నేను కాదమ్మా. ఆ రోజు నేనొచ్చేసరికే కొట్టడం అయిపోయింది," అంది చీమ.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఎవరు కలిపారు?"

"గుర్తు లేదమ్మా," అన్నాను.

అంతే అన్నాను. చీమ మీద నేను చాడీ చెప్పలేదు, ఆమె కలిపిందనీ అనలేదు. ఆ రోజంతా అదే నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ మాట నా నోట్లోంచి వచ్చాక చీమ తల తిప్పి నా మొహం వంక చూసిన చూపు ఉంది, అది వెయ్యి చాడీల పెట్టు.

"మందులు కలిపేది నువ్వు, తాళం ఉండేది నీ దగ్గర. తప్పు చేస్తే ఒప్పుకోవాలి, పక్కవాళ్ల మీదికి నెట్టకూడదు," అని డాక్టరమ్మ ఆమెను గేటు దగ్గరే పనిలోంచి తీసేసింది. చీమ కొంగు ముడి విప్పి, తాళం చెవి తీసి, గేటు దిమ్మ మీద పెట్టి వెళ్లిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా గొట్టం పట్టుకుని నిలబడ్డాను. గొట్టంలో నీళ్లు కూడా రావడం లేదు.

ఎందుకలా అన్నావని నువ్వు అడుగుతావు. నీ నాలుగో ప్రశ్నకు జవాబు అదే. కళ్లు చూపించుకున్నావా అని అడిగావు. చూపించుకోలేదు. నువ్వు వెళ్లకముందు నుంచే కుడి కన్ను మసక, ఇప్పుడు ఎడమది కూడా. పొద్దెక్కితే తోటంతా సున్నం కొట్టినట్టు ఉంటుంది. నీకు చెప్పలేదు, చెబితే నువ్వు అమ్మాయి కాన్పుకు వెళ్లేదానివి కాదు. అది ఒక కారణం. ఇంకో కారణం ఉంది. చూపు లేని తోటమాలిని ఎవరు పెట్టుకుంటారు? "నేనే కలిపానమ్మా" అంటే వెంటనే "కనబడలేదా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి పదకొండేళ్ల మనిషిని గేటు బయట నిలబెట్టాను.

ఇంకా వినాల్సింది ఉంది. పనిలోంచి తీసేసిన రోజు సాయంత్రం, అదే వేళకు, మన గేటు చప్పుడైంది. చీమ. నేను లోపలే ఉండిపోయాను. తిట్టడానికి వచ్చిందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె బిందె ముంచి నీ కుండీలకు నీళ్లు పోసింది. ఇరవై ఆరూ అయ్యాక గొళ్లెం పెట్టి వెళ్లిపోయింది. మర్నాడూ వచ్చింది. పన్నెండు సాయంత్రాలు వచ్చింది. నేను తలుపు వెనక నిలబడి నీళ్ల చప్పుడు లెక్కపెట్టేవాణ్ణి. ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు, గొళ్లెం. ఆమె వెళ్లాక ఇల్లంతా తిరిగేవాణ్ణి. ఇప్పుడు ఆమె పొద్దున పూట ఎవరి ఇంట్లోనో మెట్లు కడుగుతోందని పాలవాడు చెప్పాడు.

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. చింపి చూస్తే నీ సన్న అక్షరాలు. వాకిట్లోకి తెచ్చి చూశాను, దీపం కింద పెట్టి చూశాను, దూరంగా పట్టుకుని చూశాను. "క్షేమం" అన్న మాట తప్ప ఏదీ దొరకలేదు. పాప సంగతి రాసి ఉంటావు, అది తెలియకుండా మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. నిన్న సాయంత్రం ఇక ఉండలేక తలుపు తీసి బయటికి వచ్చాను.

"ఇది చదివి పెడతావా?" అన్నాను.

చీమ బిందె దించి, చేతులు తుడుచుకుని, మెట్టు మీద కూర్చుంది. ఆమె కూర్చోగా చూడడం అదే మొదలు. గొంతులో ఏ మార్పూ లేకుండా చదివింది. పాప, ముక్కు, అమ్మాయి బాలింత ఒళ్లు, పుదీనా, అన్నీ. ఆ తర్వాత నువ్వు ఆమె గురించి రాసిన ముక్క వచ్చింది. "చీమను అడిగానని చెప్పు. ఆ మనిషి పక్కనుంది కాబట్టే నిన్ను వదిలి ఇంత దూరం రాగలిగాను." అది కూడా అదే గొంతుతో చదివింది. నేను నేల చూపులు చూశాను. ఆఖరున, "కళ్లు చూపించుకున్నావా, లేదా? నిజం రాయి." అక్కడ ఆగి, ఉత్తరం మడత పెట్టింది.

"నన్ను తీసేసిన రోజే నాకు తెలుసన్నా," అంది. "కుళాయి దగ్గర గొట్టానికి నా ఎర్ర గుడ్డ ఉంది."

"మరి అప్పుడే డాక్టరమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"నేను కాదని చెప్పా. అది నా నిజం. మీ నిజం మీరు చెబుతారని చూశా. పన్నెండు రోజులు చూశా."

"మరి రోజూ ఇక్కడికి ఎందుకు..."

"మాటిచ్చింది వదినకి. మీకు కాదు."

"మీ వదినకి అంతా రాస్తాను, ఒక్క ముక్క దాచను," అన్నాను.

ఆమె బిందె చంకకెత్తుకుంది. "వదినకి రాస్తే వదినకి తెలుస్తుంది. నాకేమొస్తుంది?" అని వెళ్లిపోయింది.

ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది చెప్పు? నీకు రాయడం నాకు సులువు. నువ్వు తిట్టినా నా దానివే. ఈ ఉత్తరం ఇలాగే మూసి పంపిస్తే సగం బరువు దిగిందని నేను నిద్రపోతాను, ఆమె రేపు పొద్దున మళ్లీ మెట్లు కడుగుతుంది. అందుకని పంపడం లేదు. ఆపుతున్నాను.

మంగళవారం, సాయంత్రం

నిన్న పొద్దున అయిదింటికే వెళ్లాను. డాక్టరమ్మ వరండాలో కాఫీ తాగుతోంది. పనిలోకి వచ్చాననుకుని, "నిమ్మల పాదులు చూడు," అంది. నేను చెప్పులు విడిచి మెట్టు కిందే నిలబడ్డాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"మందు కలిపింది నేనమ్మా," అన్నాను.

కప్పు కింద పెట్టింది. "గుర్తు లేదన్నావుగా?"

"గుర్తుంది. ఆ రోజూ గుర్తుంది. డబ్బా మీద అక్షరాలు కనబడలేదు. ఎర్ర గుడ్డ విప్పింది కూడా నేనే."

ఆమె ఏదో పెద్దగా అరుస్తుందనుకున్నాను. అరవలేదు. లేచి, నన్ను వెలుతురు వైపు తిప్పి, గడ్డం పట్టుకుని నా కళ్లల్లోకి చూసింది, ఆసుపత్రిలో పిల్లలను చూసినట్టు. "కుడి కంట్లో శుక్లం నాకే కనబడుతోంది. ఎన్నాళ్లుగా ఇలా ఉంది?" అంది. ఏడాది అన్నాను. "పొదలు మళ్లీ నాటుకుంటాను. నీ ముందు ఆమెను దొంగను అడిగినట్టు అడిగాను నేను. నువ్వు నిలబడి విన్నావు," అంది. ఈ రోజుకు పని వద్దు, వెళ్లిపొమ్మంది.

మధ్యాహ్నం దాకా ఇంట్లో ఏం చేశానో అడగకు. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను.

తర్వాత జరిగింది నిన్న సాయంత్రం చీమ నోటే విన్నాను. డాక్టరమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లిందట. చీమ అత్తగారు మంచం మీద నుంచే "ఎవరే?" అంటే, "తప్పు చేసినదాన్ని, మీ కోడలితో మాట్లాడాలి," అందట. పనిలోకి తిరిగి రమ్మంది. చీమ వెంటనే సరే అనలేదు. తోట బాధ్యత అంతా తనకే ఉండాలనీ, ఏదైనా జరిగితే గేటు దగ్గర కాకుండా లోపల కూర్చోబెట్టి అడగాలనీ చెప్పిందట. డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆఖరున, "మరి అతన్ని ఉంచాలా, తీసేయాలా? నువ్వే చెప్పు," అని అడిగిందట.

ఇది నాకు చెబుతూ చీమ నీ వంగ మొక్క కింద కలుపు పీకుతోంది. నా వంక చూడలేదు.

"ఏమన్నావు?" అన్నాను.

"కళ్లు బాగయ్యేదాకా వద్దన్నా. బాగయ్యాక అప్పుడు చూద్దామన్నా. ఉంచమని చెప్పడానికి నాకు నోరు రాలేదన్నా, తీసేయమని చెప్పడానికీ రాలేదు."

"న్యాయమే," అన్నాను.

"న్యాయమో కాదో నాకు తెలీదు. నాకు ఇంకా కోపంగా ఉంది. అది పోయినప్పుడు చెబుతా."

నీళ్లు ఇక నేనే పోసుకుంటానని, ఆమెకు శ్రమ వద్దని అన్నాను. "చూడకుండా పోస్తారు, సగం నేల పాలవుతుంది," అని ఇరవై ఆరూ తనే పోసి వెళ్లింది. గేటు దగ్గర ఆగి, "గురువారం ఆపరేషన్ ఎన్నింటికి?" అంది. డాక్టరమ్మే తెలిసిన కంటి వైద్యుడితో మాట్లాడి ఆ రోజు ఖాయం చేసి నాకు ఫోన్లో చెప్పింది, కుడి కన్ను ముందు. ఎనిమిదింటికి రమ్మన్నారనీ, పక్కన ఒక మనిషి ఉండాలన్నారనీ చెప్పాను. "ఏడున్నరకి తయారుగా ఉండండి. దారిలో మాట్లాడించొద్దు," అంది.

కాబట్టి నువ్వు మూటాముల్లె సర్దుకుని బయల్దేరకు. అమ్మాయికి ఇంకో రెండు నెలలు నువ్వు కావాలి. కంటికి కట్టు విప్పాక ఫోన్ చేస్తాను, అల్లుణ్ణి స్పీకర్లో పెట్టనీ, పర్వాలేదు. నా మీద జాలిపడి మాత్రం రాయకు. మనసు ఇంకా కుదురుగా లేదు. ఈ పొద్దున అయిదింటికి కాళ్లు వాటంతటవే చెప్పులు వెతుక్కున్నాయి. వేసుకుని గేటు దాకా వెళ్లాక గాని పని లేదన్న సంగతి గుర్తు రాలేదు. వచ్చి మెట్టు మీద కూర్చున్నాను, మళ్లీ లేచాను. చీమ ఆ వేళకు డాక్టరమ్మ తోటలో ఒక్కతే ఎండిన మల్లెపొదలు తవ్వి తీస్తూ ఉంటుంది. పద్దెనిమిది గుంతలు. ఆ మట్టి ఎంత గట్టిదో నాకు తెలుసు. వెళ్లి గునపం అందుకునే హక్కు నాకు లేదు, ఇంట్లో కూర్చునే ఓపికా లేదు.

ఒక్క మాట. ఈ ఉత్తరానికి జవాబు నా పేరున రాయకు, చీమ పేరున రాయి. కట్టు విప్పేదాకా చదివి వినిపించేది ఎలాగూ ఆమే. నన్ను ఏమేమి అనాలనుకుంటున్నావో అన్నీ రాయి, పొదుపు చేయకు. సగంలో మొహమాటపడి ఆపేస్తుందేమో, చివరిదాకా గట్టిగా చదవమని పై వరసలోనే రాయి.

ఇట్లు,
నీ ముందూ, ఆమె ముందూ తల దించుకున్న
నీ పెనిమిటి